నూలు తూకం

డాక్టరు గారి గదిలో ఒక్కటే స్టూలు.
దాని మీద అన్నయ్య కూర్చున్నాడు.
గంగాధరం బావ గోడకానుకున్నాడు. నేను తలుపు దగ్గర.
భూషణక్క బయట బెంచీ మీద
స్కానింగు కవరూ మజ్జిగ సీసా ఉన్న సంచీ ఒళ్ళో పెట్టుకుని
పంటు వెళ్ళిపోతుందేమోనని గడియారం చూస్తోంది.

కడుపు ఆమెది.
మాట మాత్రం మా ముగ్గురికీ పంచారు.

"ఆవిడకి తెలీకూడదండీ, ఆయ్, తట్టుకోలేదు" అన్నాడు అన్నయ్య.
నర్సాపురం రేవు చేరేలోపు
జబ్బుకి కొత్త పేరు పెట్టేశాం.
అల్సర్.
పలకడానికి తేలిగ్గానే ఉంది.

ప్రేమ లేక కాదు. అదీ చెప్పాలి.
అన్నయ్య పాడిగేదెని అమ్మాడు, దూడతో సహా.
అన్నయ్య కూతురు పరీక్ష మానుకుని వచ్చి రక్తం ఇచ్చింది.
రాత్రిళ్ళు కాళ్ళు పట్టింది నేను,
వాంతి గిన్నె కడిగింది నేను,
మందు రేకుల మీద పేరున్న చోటల్లా
కత్తిరించి పొయ్యిలో వేసిందీ నేనే,
ఆమె లేసు కత్తెరతోనే.

భాద్రపదంలో ఏజెంటు చిట్టియ్యమ్మ గారొచ్చి
గోధుమరంగు నూలు తూచి ఇచ్చింది, రెండు కిలోలు.
పన్నెండు మంది కూర్చునే బల్ల మీదకి గుడ్డ.
"ఎండాకాలానికి కావాలి. అవుద్దా?"
అక్క వేళ్ళు మడిచి లెక్కేసింది,
ఆశ్వయుజం, కార్తీకం, మార్గశిరం…
ఫాల్గుణం దగ్గర ఆగి నా వైపు చూసింది.
"అవుద్ది కదే?"
"అవుద్దక్కా" అన్నాను.

ఎవరి డైనింగు టేబుల్ కోసమో
మా అక్క దగ్గర మిగిలిన కాస్త వెలుతురునీ
ఆ ఒక్క మాటతో రాసిచ్చేశాను.

అప్పట్నుంచీ నాకు సూది చప్పుడు వినపడేది.
క్రోషె సూదికి చప్పుడుండదు. అయినా వినపడేది.
నొప్పొచ్చినప్పుడు లెక్క తప్పేది,
పెదవి కొరుక్కుని, విప్పి, మళ్ళీ అల్లేది.
నలభై ఏళ్ళుగా అల్లుతోంది,
మా ఇంట్లో ఒక్క గుమ్మానికైనా ఆమె లేసు లేదు.
ఉన్న నాలుగు రోజులూ ఏం చేసుకుంటావని
ఎవరం అడగలేదు.
ఎలా అడుగుతాం, నాలుగు రోజులని ఒప్పుకోవాలి కదా.

తుఫాను రాత్రి. కరెంటు లేదు.
కొబ్బరిమట్టలు రేకుల మీద దబ్బుమని పడుతున్నాయి.
లాంతరు దగ్గర ఆమె దారం కొస వెతుక్కుంటుంటే
నోరు జారింది.
కాదు, జారలేదు. చెప్పాను.

చాలాసేపు లాంతరు వత్తి సర్దుతూ కూర్చుంది.
"ఆ రేకులు కత్తిరించింది నువ్వేనా?"
"ఊఁ."
"నా కత్తెరతో?"
"ఊఁ."
"అదీ, మొద్దుబారిపోయిందేంటా అనుకుంటున్నా."

తెల్లారేసరికి గుడ్డంతా విప్పేసింది.
మూడు నెలల పువ్వులు
పంటకాలవకి లాకులెత్తినట్టు పోయాయి.
ఉండలు చుట్టి, అడ్వాన్సు డబ్బులు కొంగున ముడేసి
ఈదురుగాలి తగ్గగానే పంటెక్కి వెళ్ళి
చిట్టియ్యమ్మ గారి ముందు పెట్టింది.
తూచుకోమంది.
పిసరు తగ్గలేదు.

అటునుంచటే ఆసుపత్రికి.
అన్నయ్య అలవాటుగా స్టూలు మీద కూర్చోబోయాడు.
"లే, రత్నం" అంది.
"బయటికెళ్ళి తలుపు దగ్గరగా వెయ్యి."

బెంచీ మీద మేం ముగ్గురం. ఆమె సంచీ నా ఒళ్ళో.
మజ్జిగ సీసా తొడకి చల్లగా తగులుతోంది.
లోపల ఆమె గొంతు.
ఒక ప్రశ్న, కాసేపాగి ఇంకో ప్రశ్న,
మధ్యలో ఎందుకో నవ్వు.
బావ చెవి తలుపుకానించబోయి మానేశాడు.
పావుగంటకి పైనే పట్టింది.
అన్నయ్య చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
చెప్పులకంటిన బురద గోరుతో గీకుతున్నాడు.

బయటికొచ్చింది.
"ఏమన్నారక్కా?"

"అల్సరంట" అంది.
నా ఒళ్ళోంచి సంచీ తీసుకుంది.
"నడవండి, పంటెళ్ళిపోద్ది."